పిట్ట ముట్టని కౌబాయి

సెంటినరీ కాలనీలో రాయమల్లుకు బొగ్గుగనుల కంపెనీ ఇచ్చిన క్వార్టర్ ఉంది గానీ, ఆ క్వార్టర్లో ఒక క్వార్టర్ సీసా దాచుకునే జాగా మాత్రం లేదు. బియ్యం డబ్బాలో పెడితే భార్య అనసూర్యకు దొరికింది. కూలర్ గడ్డిలో పెడితే దొరికింది. చివరికి డ్యూటీ బూట్లో పెట్టాడు. ఆ బూట్ల వాసనకు కాలనీ కుక్కలే వాకిట్లోకి రావు. అయినా అనసూర్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మరీ వచ్చి తీసుకుపోయింది.

అనసూర్యకు సీసా మీద పాతపగ ఏమీ లేదు. కిందటేడు దవాఖానలో డాక్టరు రాయమల్లు కడుపు నొక్కి చూసి, కార్జం ఉబ్బింది, లివరు చెడుతోంది, ఇక చుక్క ముట్టవద్దన్నాడు. రాయమల్లు ఆ మాటను షిఫ్టు సైరన్ విన్నట్టు విన్నాడు. రోజూ మోగేదే కదా, దానికి ఉలిక్కిపడతామా అన్నట్టు. ఉలికిపాటంతా అనసూర్య వంతుకొచ్చింది. ఆ రోజు నుంచి ఇంట్లోకి మందు రానివ్వలేదు.

ఆవిడ చట్టంలో ఒక్కటే బొక్క ఉంది. అది పెత్తరమాస నాడు బయటపడింది.

పోయిన పెద్దలకు పెట్టుకునే అమావాస్య అది, మామగారికి పెట్టాలి. మామగారికి మందంటే ఇష్టం. చచ్చినోళ్ల నోరు కొట్టొద్దని అనసూర్య నమ్మకం. అందుకని తనే సీసా తెప్పించి ఫోటో ముందు పెట్టింది. గోడ మీద విస్తరాకులో కూర, అన్నం పెట్టారు. కాకి వచ్చి ముట్టింది. ముట్టిన తర్వాత మిగిలింది కొడుకుకు ప్రసాదం. రాయమల్లు ప్రసాదం పుచ్చుకుని చాప మీద వెల్లకిలా పడుకుని, సర్వీసులో ఎన్నడూ చేయనంత ఆలోచన చేశాడు. బతికున్నవాడు తాగితే లొల్లి. చచ్చినవాడు తాగితే భక్తి. అంటే ఈ ఇంటికి కరువైంది మందు కాదు, చచ్చినవాళ్లు.

తీరా చూస్తే ఆయన వైపు వాళ్లందరూ గట్టి పిండాలు. పెదనాన్న తొంభైకి దగ్గరపడినా చింతచెట్టెక్కి చిగురు కోస్తున్నాడు. ఇద్దరు మేనత్తలు పొలం గట్టు తగువు తేలేదాకా పోయేది లేదని ఒట్టేసుకున్నారు. ఎవరి మీదా ఆశ పెట్టుకోవడానికి లేదు.

అప్పుడు ఆదుకుంది చేతిలోని ఫోను.

రాయమల్లుకు కౌబాయి సినిమాల పిచ్చి. అమెరికా వాళ్లు తీసినవి కాదు, ఇటలీ వాళ్లు స్పెయిన్ ఎడారులకు పోయి తీసినవి. గనిలో కొత్తగా దిగిన రోజుల్లో, నైట్ షిఫ్టు దిగి రూముకు పోకుండా ఆదివారాలు గోదావరిఖనిలో మార్నింగ్ షోకు పోయేవాడు. ఆ సినిమాలు ప్రపంచమంతా ఆడి, రీళ్లు అరిగి, అక్కడికి చేరేవి. తుపాకీ పేలినా రీలు తెగినా చప్పుడు ఒకటే. అందులో హీరో గడ్డం గీసుకోడు, స్నానం చేయడు, ఒక్క ముక్క మాట్లాడడు, కళ్లు చికిలించి దుమ్ములోకి చూస్తుంటాడు. అప్పుడే గనిలోంచి పైకొచ్చిన రాయమల్లు అవతారమూ అచ్చం అదే. ఇది మన సినిమారా అనుకున్నాడు.

ఆ సినిమాల అభిమానులకు ఫోనులో ఒక పేజీ ఉంది. సినిమాలు తీసి అర్ధశతాబ్దం దాటింది కనుక ఆ పేజీకి ఇప్పుడు ఉన్న పనల్లా, ఈ రోజు ఫలానా ఆయన పోయారని చెప్పడమే. నటులే కాదు, కెమెరా పట్టినవాళ్లు, బట్టలు కుట్టినవాళ్లు, గుర్రం మీది నుంచి పడ్డవాళ్లు, అందరినీ తలుచుకుంటారు. రాయమల్లు రోజూ చూసి, అయ్యో పాపమని నాలుక చప్పరించి పడుకునేవాడు. పెత్తరమాస తర్వాత చూసినప్పుడు చప్పరించలేదు. లేచి కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే తల మీద తువ్వాల వేసుకుని గడపలో కూలబడ్డాడు. చీపురు పట్టుకొచ్చిన అనసూర్య ఆగిపోయింది.

"ఎవలు పోయిండ్రు?"

"చుట్టల దొర."

"ఏ ఊరు?"

"ఇటలీ."

"మనకేమైతడు?"

ఈ ప్రశ్నకు రాయమల్లు రాత్రే జవాబు తయారు చేసుకున్నాడు. "పేగు సంబంధం లేదే. కని నేను కొత్తగ డ్యూటీల చేరినప్పుడు ఈడ నాకెవలున్నరు? ఆదివారం ఆదివారం నాకు మొఖం చూపిచ్చింది ఆయనొక్కడే."

"చూపిచ్చి ఏం చేసెటోడు?"

"బ్యాంకులు దోచెటోడు. ఒకసారి ఊరుకు ఊరు తగులవెట్టిండు."

అనసూర్య కాసేపు ఆలోచించింది. ఎట్లాంటివాడైనా పోయినవాడు పోయినవాడే. పైగా కట్టుకున్నవాడి కష్టకాలంలో తోడున్నవాడు. ఏమిష్టంగా తినేవాడని అడిగింది. మటన్ అన్నాడు రాయమల్లు. తర్వాత గొంతు తగ్గించి, మొహమాటపడుతూ, రెండో ఇష్టం కూడా చెప్పాడు.

గోడ మీద ఆకు పెట్టారు. కాలనీ కాకులకు దేశాల పట్టింపు లేదు, వచ్చి ముట్టాయి. ప్రసాదం పంచుకోవడానికి పక్క క్వార్టర్ ముత్యం వచ్చాడు. ముత్యం, రాయమల్లు ఇద్దరూ గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంప్ రూములో ఒకే షిఫ్టు. బాధ పంచుకుంటే సగమవుతుందని ముత్యం సిద్ధాంతం. సీసా పంచుకున్నా సగమే అవుతుంది గానీ, అది ఆయన పట్టించుకోడు.

ఇక ఇటలీ వైపు నుంచి చావులు ఆగలేదు. కెమెరా ఆయన పోయాడు. టోపీలు కుట్టినాయన పోయాడు. గుర్రం మీది నుంచి పడటమే వృత్తిగా బతికిన ఆయన, చివరికి మంచం మీద నుంచి పడకుండా నిమ్మళంగా పోయాడు. ఆ గుర్రానికి మందేసిన డాక్టరూ పోయాడు. ఒక్కొక్కరికీ గోడ మీద ఆకు, ఫోటో ముందు సీసా. వాళ్ల అసలు పేర్లు రాయమల్లుకు నోరు తిరగవు కనుక పనిని బట్టి పేర్లు పెట్టి ఏడ్చాడు.

ఒకసారి దుమ్ము లేపినాయన పోయాడు. పెద్ద ఫ్యాను పెట్టి హీరో మొహాన దుమ్ము కొట్టడం ఆయన పని. ఈయనకు కూడా పెట్టాలా అని అనసూర్య అడిగితే రాయమల్లు నొచ్చుకున్నాడు. "మన ఓపెన్‌కాస్టు గనిల బ్లాస్టింగైతే ఊరంత దుమ్ము లేస్తది. ఎవలన్న మెచ్చుకున్నరా? ఆయన లేపితే లోకమంత మెచ్చింది. ఆయనకు తలకాయ కూరంటే పానం."

ఆ రోజు ఐలవ్వ కూడా వచ్చింది. ఐలవ్వ ఆ క్వార్టర్ల లైనుకంతటికీ పెద్దది, ఆవిడ కూర్చుని శోకం తీయకపోతే కాలనీలో ఎవరూ పూర్తిగా చచ్చినట్టు కాదు. శోకానికి వివరాలు కావాలని, పిల్లలెందరు, కోడలు మంచిదేనా అని అడిగింది. రాయమల్లు తోచినట్టు చెప్పాడు. ఐలవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని, దుమ్ము లేపిన కొడుకా, ముగ్గురు బిడ్డలను దుమ్ములనే ఇడిసిపోతివా అని రాగం ఎత్తుకుంటే, లైను మొత్తం వచ్చి కళ్లు తుడుచుకుంది. తనకు తెలియకుండానే రాయమల్లు కూడా వెక్కి వెక్కి ఏడ్చాడు.

అనసూర్యకు అనుమానం అక్కడే మొదలైంది. అంతమంది దొరలు, అన్ని రకాల పనులు, అయినా ఒక్కడికీ పాయసం ఇష్టం లేదేమిటి?

"అందరికి గా చౌరస్తా వైన్సుల దొరికే మందే ఇష్టమాయె. ఇటలీకి మనూరి నుంచే పోతదా?"

"పెద్దోళ్ల ఇష్టాలు గట్లనే ఉంటయే" అన్నాడు రాయమల్లు. అంటూ పీట మీద కూర్చోబోయి, కుడి పక్క డొక్క చేత్తో అదుముకున్నాడు. అదుముకుని, ఏమీ కానట్టు నవ్వాడు.

ఆ నవ్వు చూసి అనసూర్యకు డాక్టరు మాట గుర్తొచ్చింది. ఇంకేమీ అడగలేదు. ఇంత కాపురం చేసినవాడు, భార్య మాట మీద మాట అనకుండా లోపలికి పోయిందంటే భయపడాలి. రాయమల్లు మాత్రం గెలిచాననుకుని ముత్యానికి కన్ను కొట్టాడు.

ఆ వారమే, సినిమాల్లో ఒక్క ముక్క మాట్లాడని ఆ హీరో పోయాడు. రాయమల్లుకు ఈసారి నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ నీళ్లు తుడుచుకునేలోపే బుర్ర పని మొదలుపెట్టింది. ఇంత పెద్ద హీరోకు చిన్న సీసా పెడితే పరువు పోతుందని, ఫుల్ బాటిల్ పెట్టాలని భార్యతో అన్నాడు. తప్పక పెడదాం, లైనంతా పిలుద్దాం, ఐలవ్వనూ కూర్చోబెడదామని అనసూర్య ఒప్పుకుంది. ఆయన ఎట్లా పోయాడో మాత్రం చెప్పమంది. పేజీలో ఏం రాశారో రాయమల్లుకు సగమే అర్థమైంది. హీరో గొప్పతనానికి ఏమాత్రం తక్కువ కాకూడదని, "ఆయన తాగుడంటే మామూలు తాగుడా? పీపాలు పీపాలు. ఆఖరికి గదే తీసుకపోయింది" అని గర్వంగా చెప్పాడు.

ఆదివారం వాకిట్లో టెంటు వేశారు. హీరో ఫోటోకు బంతిపూల దండ వేశారు. గోడ మీద ఆకులో మటన్, తలకాయ కూర, పక్కనే గ్లాసు నిండా పోసి పెట్టారు. పిట్ట ముట్టేదాకా ఎవరూ ముద్ద ముట్టకూడదు, అది కట్టుబాటు. అందరూ గోడ వైపు చూస్తూ కూర్చున్నారు.

పిట్ట రాలేదు.

ఎండెక్కింది. కూర వాసన లైనంతా తిరిగొచ్చింది. పిట్ట రాలేదు. ముత్యం గోడెక్కి కావు కావుమన్నాడు. ఒక కుక్క వచ్చింది.

పోయినాయన పానంలో ఏదో కోరిక మిగిలిందని ఐలవ్వ తేల్చింది. దాన్ని కనిపెట్టి తీరుస్తామని మాటిస్తేనే పిట్ట ముడుతుంది. ఒక్కొక్కరే లేచి దండం పెట్టారు. నీ గుర్రాన్ని మేం మేపుతామని ఒకరన్నారు. నీ టోపీ పాత సామాన్లవాడికి వేయబోమని ఇంకొకరు. తీరని పగ ఏదైనా ఉంటే నైట్ షిఫ్టు దిగి వచ్చి తీరుస్తామని లైన్లో కుర్రాళ్లు. గోడ మీద ఆకు ఎండుతూనే ఉంది. ఆకలితో జనం రాయమల్లు వైపు చూసే చూపు మారింది.

"ఇంతకు ఎట్ల పోయిండన్నవు కొడుకా?" అంది ఐలవ్వ.

రాయమల్లు నోరు తెరిచేలోపే వంటింటి గుమ్మంలోంచి అనసూర్య చెప్పింది. "తాగుడుతోని పోయిండట అవ్వా. ఈయననే చెప్పిండు."

ఐలవ్వ తొడ చరుచుకుంది. "గదే మల్ల. తను పోయిన తొవ్వల తన మనిషి రావద్దని ఆ పానం కొట్టుకుంటాంది. నీకోసమే ఆగిండు కొడుకా. మాటియ్యి."

రాయమల్లుకు ఎండలో చలేసింది. ఫోటో వైపు తిరిగి, తగ్గిస్తానన్నాడు. పిట్ట రాలేదు. పండుగలకే తాగుతానన్నాడు. కుక్క కూడా వెళ్లిపోయింది.

"బావా, నీ కాల్మొక్కుత, ఒప్పుకో. మటన్ సల్లారిపోతాంది" అన్నాడు ముత్యం.

"నువ్వు గూడ నాతోని ఒట్టెయ్యరాదు?"

"నాకాయనతోని గంత దోస్తానా లేదు బావా."

రాయమల్లు చుట్టూ చూశాడు. తప్పించుకునే దారిలేక, హీరో మొహం చూస్తూ, "ముట్ట. సచ్చేదాక ముట్ట" అన్నాడు. వినపడలేదని వెనకవాళ్లు అంటే మళ్లీ గట్టిగా అన్నాడు.

అనసూర్య మంచినీళ్లు తెస్తానని లోపలికి పోయింది. ఆవిడ బిందె తెచ్చేలోపు పెరటి వైపు నుంచి కాకులు వచ్చాయి. ఒకటి కాదు, మంద. గోడ మీద వాలి, కూర కలియబెట్టి, గ్లాసు తన్నేశాయి. పక్కన మూత తీసి పెట్టిన సీసా కూడా దొర్లి, గోడ వెంబడి కారిపోయింది. ఐలవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. జనం బంతిలో కూర్చున్నారు.

భోజనమయ్యాక చెయ్యి కడుక్కోవడానికి రాయమల్లు పెరట్లోకి పోయాడు. బట్టలుతికే బండ చుట్టూ మెతుకులు, ఎముకలు, తెల్లటి రెట్టలు. బండ మీద ఒక గంప బోర్లించి ఉంది. ఎత్తి చూస్తే దాని కింద పళ్లెం నిండా మటన్ కలిపిన అన్నం. తెల్లారినప్పటి నుంచి కాలనీ కాకులన్నీ ఇక్కడే విందు చేశాయని, తను మాటివ్వగానే విందు మీద గంప పడిందని, గంప వేసిన చెయ్యి ఎవరిదో ఆయనకు అర్థమైంది.

వెనకనే అనసూర్య నిలబడి ఉంది.

"గిది మోసమే" అన్నాడు రాయమల్లు.

"అవును. పోయి వాకిట్ల అందరికి చెప్పు. కాకులను నేనాపిన్నని చెప్పు. దుమ్ము లేపినాయనకు తలకాయ కూర ఇష్టమని నీకెవలు చెప్పిండ్రో, గది గూడ చెప్పు."

రాయమల్లు వాకిలి వైపు చూశాడు. వాకిట్లో ఐలవ్వ ఉంది. కష్టపడి ఏడ్చిన మనిషి.

అనసూర్య పళ్లెం చేతిలోకి తీసుకుంది. "మీ అయ్యకు పెట్టిన. ఎవలో తెల్వని దొరలకు పెట్టిన. రేపు నీ ఫోటో ముందల సీసా పెట్టుడు నాతోని కాదయ్యా. గది నేను చెయ్య."

రాయమల్లుకు సిగ్గేసింది. తనకోసం ఇంత భయం మోస్తూ తిరుగుతున్న మనిషిని ఇన్నాళ్లూ సీసాలు వెతికే పోలీసనుకున్నాడు. ఆవిడ చేతిలోని పళ్లెం తీసుకుని మిగిలిన అన్నం తనే కాకులకు వేశాడు.

కొద్దిరోజులకు ఫోను మళ్లీ మోగింది. ఆ సినిమాల సంగీతంలో ఈల వేసినాయన పోయాడు. రాయమల్లు గడపలో కూర్చుని, ఎవరూ చెప్పకుండానే ఆ ఈల వేయబోయాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. చావు కబురు ఎట్లా తెలుస్తుందో గానీ, అప్పటికే ముత్యం వచ్చి, దిగులుగా మొహం పెట్టి పక్కన కూర్చున్నాడు.

అనసూర్య గుమ్మంలోకి వచ్చి, పెట్టవలసిందే, పోయినాయన నోరు కొట్టొద్దంది.

"ఈయనకేమిష్టముండెనయ్యా?"

ముత్యం ఆశగా చూశాడు. రాయమల్లు ముత్యం వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"మజ్జిగ" అన్నాడు. "జర ఉప్పేసుకోని."

ముత్యానికి అప్పుడే డ్యూటీ గుర్తొచ్చింది.