పాత ఫ్రిజ్ స్వాధీనం

రాయితీ అన్న మాట చెవిన పడితే తింటున్న కంచం ముందు నుంచి లేచి వెళ్లి వరసలో నిలబడతాడు కాబట్టి, ఆఫీసులో అందరూ అతన్ని రాయితీరాయుడు అనేవారు. అతనికది బిరుదులాగే వినిపించేది.

కరెంటు తక్కువ తాగే ఫ్రిజ్ కొంటే సగం ధర తామే భరిస్తామని నగరపాలక సంస్థ ప్రకటించింది. ఇంటి నంబరుకు ఒక్కటే, యజమాని సంతకం తప్పనిసరి.

ఆ కబురు ముందు తెచ్చింది కింది వాటాలో అద్దెకుండే దర్జీ అక్కయ్య. ఆవిడకు షుగరు. ఇరవై ఏళ్ల నాటి ఆవిడ ఫ్రిజ్ ఎండ ముదిరితే మూలిగి ఆగిపోయేది, లోపలి ఇన్సులిన్ పాడయ్యేది. సంతకం ఇప్పించమని అడిగితే రాయుడు "చూద్దాంలెండి" అన్నాడు. అతని నిఘంటువులో ఆ మాటకు "కుదరదు" అని అర్థం. ఆ తర్వాత ఒకసారి పాడైన ఇన్సులిన్ తెలియక పొడుచుకుని ఆవిడ ఆస్పత్రి పాలైంది.

ఆ ఒక్క రాయితీ కింది వాటాకు జారిపోవడం అతనికి మింగుడుపడలేదు. కాని అతని ఫ్రిజ్‌కు ఆరేళ్లే. దరఖాస్తులో "పదిహేనేళ్లు దాటిన ఫ్రిజ్‌ను స్వాధీనపరచవలెను" అని ఉంది. మన స్వాధీనంలో ఒకటి కనిపిస్తే చాలనుకున్నాడు రాయుడు. తనిఖీ ఉంది, రెండు రోజుల్లో ఇచ్చేస్తానని చెప్పి అక్కయ్య ఫ్రిజ్‌ను పైకి మోయించాడు. ఆవిడ మందుకు తమ ఫ్రిజ్‌లో చోటిచ్చి, తన ఉదారతకు తనే మురిసిపోయాడు.

ఇల్లు భార్య పేరున ఉంది. ఆవిడ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది, కామా తప్పినా ఊరుకోదు.

"మనకిప్పుడు ఫ్రిజ్‌కి ఏం లోటండీ?"

"సగం ధరకే ఇస్తున్నారుగా."

"ఆ సగం ఎవరి డబ్బు?"

"నగరానిది."

"కింద ఆవిడ కూడా నగరంలోనే ఉంటోంది. దారం ఉండ కొన్నా పన్ను కడుతోంది. కరెంటు మిగిలేదీ ఆవిడ ఫ్రిజ్ మారిస్తేనే."

"ఆవిడకి సొంతిల్లు లేదే. రూలు నేను రాశానా?"

భార్య అరగంట సేపు దరఖాస్తు చదివి, గడులన్నీ నింపి, సంతకం పెట్టింది. గెలిచానన్న ధీమాతో రాయుడు దాన్ని చదవకుండానే తీసుకెళ్లి, మిగతా సగం ధర కట్టి వచ్చాడు.

చెప్పిన రోజుకు నగరపాలక సంస్థ మనుషులు వ్యాన్ వేసుకుని వచ్చారు. ఒకతను పాత ఫ్రిజ్ నంబరు రాసుకున్నాడు. ఇంకొకతను సంచీలోంచి డ్రిల్ తీశాడు. నంబరు బిళ్ల బిగిస్తాడేమో అనుకుంటూ రాయుడు నవ్వుముఖంతో పక్కకు జరిగాడు. డ్రిల్ ఫ్రిజ్ వెనకాల కంప్రెసర్‌లోకి దిగింది. బుస్సుమని గ్యాసు పోయింది.

"స్వాధీనపరచడమంటే మాకు అప్పగించడమండీ. మళ్లీ ఎవరూ వాడకుండా ఇలా చేసి తీసుకెళ్లిపోతాం," అన్నాడతను.

మెట్ల మీద కమ్మీ పట్టుకుని దర్జీ అక్కయ్య నిలబడి ఉంది.

"అది నాదండీ," అంది మెల్లిగా. "ఇంక నా మందెక్కడ పెట్టుకోను?"

రాయుడికి ముందు భయం వేసింది. ఆ తర్వాత, జీవితంలో మొదటిసారి, ఒక రాయితీ విషయంలో సిగ్గేసింది. భార్య వెళ్లి ఆవిడ భుజం పట్టుకుంది.

ఈలోగా వ్యాన్‌లోంచి కొత్త ఫ్రిజ్ దిగింది. దిగి, మెట్లెక్కకుండా తిన్నగా కింది వాటాలోకి వెళ్లిపోయింది.

"ఎక్కడ బిగించాలి అన్న గడిలో కింది వాటా అని రాశాను," అంది భార్య. "మీరు చదవలేదా?"

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా."

"మూడు నెలల కింద ఆవిడ సంతకం అడిగిందని మీరు నాతో చెప్పారా? ఆస్పత్రికి వెళ్లింది ఆ తర్వాతే. మొన్న మందు సర్దడానికి వచ్చి చెబితే తెలిసింది నాకు."



సాయంత్రం అక్కయ్య మందు కోసం పైకొచ్చింది. మోకాళ్ల నొప్పితో ఆయాసపడుతూనే చేతులు జోడించింది.

"సంతకం ఇప్పించరనుకుని మిమ్మల్ని నానా మాటలూ అనుకున్నానండీ బాబుగారూ. నాకోసమే ఇదంతా చేస్తున్నారని తెలీలేదు. మనసులో పెట్టుకోకండి."

రాయుడు సీసాలు ఆవిడ చేతిలో పెట్టాడు. మెట్లు దిగడానికి చెయ్యి అందించాడు.