మోటారు ఎవరితో మాట్లాడుతోంది?

ఆ రోజు రాఘవేందర్ వేసుకున్న లెక్క చాలా సులువు. పొద్దున్నే బస్సెక్కి నాగర్‌కర్నూల్ పోవాలి, కొత్త గోనెసంచులు కొనాలి, పల్లికాయ తెంపే మిషన్ మధ్యాహ్నం వచ్చేలోపు ఊరు చేరాలి. పీకి బోర్లేసిన పల్లిచెట్లు నాలుగు రోజులుగా చెలకలో ఎండుతున్నాయి. కాయ ఊపితే గలగలమంటోంది. ఈ దశలో నీళ్లు తగిలాయంటే అంతే సంగతులు, కాయ నల్లబడుతుంది, మొలకెత్తుతుంది, నాలుగు నెలల చాకిరీ బురదలో కలుస్తుంది. బోరు పైపు మూతి ఉన్నది సరిగ్గా ఆ చెట్ల నెత్తిమీదే.

"పైపు జర పక్కకు తియ్యరాదు?" అంది భార్య సరిత.

"ఎందుకే? మోటారు నా జేబుల ఉన్నది" అని రాఘవేందర్ చొక్కా జేబులోని ఫోన్ మీద తట్టాడు. "నేను ఫోన్ చేస్తేనే నడుస్తది. నాగర్‌కర్నూల్ల కూసోని ఆన్ చేస్త, ఆఫ్ చేస్త. ఇంకా గా బటన్ల కాలం యాడిది?"

తిమ్మాజిపేట పక్కన ఆ ఊళ్లో ఫోన్‌తో నడిచే స్టార్టర్ మొదట పెట్టించింది రాఘవేందరే. బోరు దగ్గర డబ్బా, డబ్బాలో ఒక సిమ్. ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఆగిన మోటారు నడుస్తుంది, నడుస్తున్నది ఆగుతుంది. లోపలి నుంచి ఒక ఆడగొంతు "మోటారు ఆన్ అయినది" అనో "ఆఫ్ అయినది" అనో మర్యాదగా చెప్పి పెట్టేస్తుంది. వెంటనే రాఘవేందర్ ఫోనుకు మెసేజ్ వస్తుంది. బిగించిన రోజు మెకానిక్ శివకుమార్ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు. "అన్నా, మీ రెండు నంబర్లకే పనిచేసేటట్టు పెడత. లేకుంటే ఎవలు చేసినా నడుస్తది."

"వద్దు. రేపు నా ఫోన్ల ఛార్జింగ్ అయిపోతే? ఎవలదో ఫోన్ అడుక్కోని చేస్త. ఆ నంబరు నాకు తప్ప ఎవలకు తెలుసు?" అన్నాడు రాఘవేందర్.

నిజమే, అప్పటికి ఎవరికీ తెలియదు. జిల్లా మొత్తానికి చెప్పినవాడు తర్వాత రాఘవేందరే.

ఉప్పునుంతలలో అతని బావమరిది, ఎవడో ఫోన్‌లో అడిగితే, ఓటీపీ చెప్పి బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చిపెట్టుకున్నాడు. ఆ కబురు విన్న రోజు నుంచి రాఘవేందర్ తన నంబరు ఎవరికీ ఇవ్వడం మానేశాడు. చెప్పుల దుకాణంలో అడిగినా, ఎరువుల దుకాణంలో అడిగినా, లక్కీ డ్రా చీటీ మీద రాయమన్నా గడగడా మోటారు నంబరు చెప్పేవాడు. మోటారుకు ఖాతా లేదు, ఆధార్ లేదు. ఎంత పెద్ద దొంగ ఫోన్ చేసినా అది చెప్పేవి రెండే మాటలు. ఇంతకు మించిన భద్రత ఎవడు కనిపెడతాడు? మోటారు అప్పుడప్పుడు తనంతట తాను నడిచేది, అయితే ఆ నేరం అతను కరెంటువాళ్ల మీద వేసేవాడు. పంట నిలబడి ఉన్నన్ని రోజులూ పారిన నీళ్లు పైరుకే కదా, ఎవరికి పట్టింది?

బస్సు ఊరు దాటి నాలుగు కిలోమీటర్లు పోయిందో లేదో రాఘవేందర్ ఫోన్ టింగుమంది. 'మోటారు ఆన్ అయినది.'

గబగబా మోటారుకు ఫోన్ చేశాడు. "ఆఫ్ అయినది" అంది ఆడగొంతు. హమ్మయ్య అని చెమట తుడుచుకునేలోపు మళ్లీ టింగుమంది. 'ఆన్ అయినది.' మళ్లీ చేశాడు. ఈసారి మోటారు ఎత్తలేదు. మీరు పిలుస్తున్న వారు వేరొకరితో మాట్లాడుతున్నారు, దయచేసి వేచి ఉండండి అని వచ్చింది.

"ఎవనితోని మాట్లాడుతుంది ఇది?" రాఘవేందర్ కేక బస్సంతా వినిపించింది.

పక్కసీట్లో వాళ్ల వాడకట్టు ఎంకమ్మ ఉంది. మోకాళ్ల నొప్పులని దవాఖానకు పోతోంది. "ఏమైంది బిడ్డా? ఎవల మాట?" అంది.

ఇలాంటి విషయాలు నలుగురిలో చెప్పకూడదని రాఘవేందర్ నియమం. "ఏం లేదు చిన్నమ్మా, మా ఇంటి సంగతి. బయట చెప్పేది కాదు."

"నాకు గూడ చెప్పవా?"

"ఏం చెప్పాలె? నేను ఇట్ల ఊరు దాటిన్నో లేదో అట్ల మొదలైంది. నేను చేస్తే బిజీ వస్తది. ఎవడో ఉన్నడు చిన్నమ్మా. వాడెవడో ఇయ్యాల తెల్వాలె!"

ఎంకమ్మ నోటిమీద చెయ్యి వేసుకుంది. రాఘవేందర్ అప్పటికే లేచి, బస్సు ఆపమని కండక్టర్ మీద పడ్డాడు. అతను దిగగానే ఎంకమ్మ సరితకు ఫోన్ చేసి ఏం చెప్పిందో అతనికి తర్వాత తెలిసింది. సంగతి గుట్టుగా ఉండాలని ఎంకమ్మ గుసగుసగానే చెప్పింది, కాకపోతే ఆమె గుసగుస డ్రైవర్‌కు కూడా వినిపించింది.

రోడ్డుమీద నిలబడ్డ రాఘవేందర్‌కు ఇక ఒకటే దారి. సరిత చెలకకు పోయి ఫ్యూజు పీకాలి. ఆమెకు ఫోన్ చేశాడు. కట్ చేసింది. మళ్లీ చేశాడు, మళ్లీ కట్. నాలుగోసారి ఎత్తి, "నేను ఎవలతోని మాట్లాడత లేను. మంచిగ చూసుకో!" అని పెట్టేసింది. ఆ తర్వాత ఫోన్ స్విచ్చాఫ్.

ఆమెకు ఏ గాలి సోకిందో రాఘవేందర్‌కు అర్థం కాలేదు. ఈలోగా ఆఫ్, ఆన్, ఆఫ్, ఆన్ అని మెసేజ్‌లు పడుతూనే ఉన్నాయి. అప్పుడు మెరిసింది అతనికి. మల్లేశ్! పక్క చెలక మల్లేశ్ బోరు ఎండిపోయింది. వాడు వారం కిందట వచ్చి ఉల్లిమడికి రెండు తడులు నీళ్లివ్వమని అడిగితే, "ఇది ఫోన్ల మోటారు తమ్మీ, ఒకలది ఒకలకు ఇయ్యరాదు, సెక్యూరిటీ ప్రాబ్లం" అని తిప్పి పంపాడు. వాడే పగబట్టాడు. నంబరు ఎక్కడో సంపాదించాడు.

"ఏం మల్లేశా, నీళ్లు పారుతున్నయా?" అని పళ్లు కొరుకుతూ అడిగాడు ఫోన్‌లో.

"మస్తు పారుతున్నయన్నా! మడి నిండింది, గట్టు దాటుతుంది. నీ కడుపు సల్లగుండ, నీ అసొంటి మనిషి మల్ల పుట్టడు" అన్నాడు మల్లేశ్ సంబరంగా.

పొలం ముంచి, పైగా వెక్కిరింపా! రాఘవేందర్‌కు ఏడుపొచ్చింది. కోపం కంటే ఏడుపే ఎక్కువ వచ్చింది. సంచులు లేవు, కాయ లేదు, ఆలి ఫోన్ ఎత్తదు. దొరికిన మోటర్‌సైకిల్ ఆపి, ఆ మనిషి వీపుకు అతుక్కుని ఊరిదారి పట్టాడు.

ఊరి మలుపులో ఒక పెద్ద పల్లికాయ మిషన్ ట్రాక్టర్‌తో సహా రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. దాని యజమాని శేఖర్ ఫోన్ చెవిన పెట్టుకుని ఎవరినో తిడుతున్నాడు. రాఘవేందర్ బండి దిగాడు.

"మధ్యాహ్నం కదా వస్తనంటివి?"

"నువ్వేనా రాఘవేందరు?" శేఖర్ ముఖం ఎర్రబడింది. "ముందుగాల పని అయిపోయిందని జల్ది వచ్చిన. చెలక యాడ అని అడుగుదమంటే, గంటసేపటి సంది చేస్తున్న! ఒకపారి ఎవలో ఆడామె ఆన్ అయింది అంటది. ఇంకోపారి ఆఫ్ అయింది అంటది. నేనేమో 'అమ్మా, జర మీ ఇంటాయనకు ఇయ్యి' అని బతిమాలుతున్న. ఏం మనుషులయ్య మీరు?"

తెలియని మనిషి గదా అని మొన్న మిషన్ కుదిర్చినవాళ్ల చేత ఇతనికి మోటారు నంబరు పంపింది రాఘవేందరే.

"ఎన్నిసార్లు చేసినవ్?" అన్నాడు నీరసంగా.

"పదిహేనో, ఇరవయ్యో. లెక్క పెట్టిన్నా?"

"ఆఖరుకు ఏమన్నది?"

"ఆఫ్ అయింది అన్నది. నాది గూడ ఆఫే అయింది తల్లీ అన్న."

ఇద్దరూ ట్రాక్టర్ మీద చెలకకు చేరేసరికి రాఘవేందర్ కళ్లు మూసుకున్నాడు. మెల్లగా తెరిచాడు. పల్లిచెట్లు ఎండలో కరకరలాడుతున్నాయి. ఒక్క చుక్క తడి లేదు. నడుమ సరిత నడుముకు కొంగు చుట్టుకుని నిలబడి ఉంది. పైపు మూతి గట్టు అవతల మల్లేశ్ ఉల్లిమడిలో ఉంది.

"నువ్వు అట్ల బస్సెక్కంగనే నేను ఇట్లొచ్చి పైపు తిప్పేసిన" అంది సరిత. "జేబుల మోటారును నమ్మి కాయను ఆగం చేసుకుంటనా? అది సరే గని, ముందు ఇది చెప్పు. ఎవడో ఉన్నడని బస్సుల ఒర్లినవట? నేను ఎవలతోని మాట్లాడిన?"

"నువ్వు కాదే! మోటారు!"

"మోటారు ఎవలతోని మాట్లాడింది?"

రాఘవేందర్ శేఖర్‌ను చూపించాడు. శేఖర్ అయోమయంగా నమస్కారం పెట్టాడు. సంగతి మొత్తం విన్నాక సరిత పల్లిచెట్ల మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వి, నవ్వి, "ఆ ఎంకమ్మకు నువ్వే ఫోన్ చేసి చెప్పాలె. ఇప్పుడే. నా ముంగట" అంది. రాఘవేందర్ చెప్పాడు. ఎంకమ్మ సగమే నమ్మింది.

సంచులు మల్లేశ్ తెచ్చిచ్చాడు, నీళ్ల రుణం ఉంచుకోనని. మిషన్ పొద్దుగూకేదాకా ఆడింది. ఇంకా నాలుగు సాళ్లు మిగిలాయి, పొద్దున వస్తానన్నాడు శేఖర్.

"ఇగనన్న నీ అసలు నంబరు చెప్పన్నా. ఆ తల్లితోని నేను మాట్లాడలేను."

రాఘవేందర్ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "రాసుకో" అని ఆగిపోయాడు. ఎంత తడుముకున్నా నోటికి మోటారు నంబరే వస్తోంది. మూడేళ్లుగా ఎవరికీ చెప్పని తన నంబరు అతనికే గుర్తు లేదు.

"ఆగు, నీకే మిస్డ్ కాల్ ఇస్త" అన్నాడు. వేలు అలవాటుకొద్దీ జాబితాలో అన్నిటికంటే పైనున్న పేరు మీద పడింది.

బోరు గుయ్యిమంది. గట్టు అవతలి నుంచి మల్లేశ్ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

సరిత సంచి మూతి కుడుతూ తలెత్తలేదు. "ఎత్తింది. మాట్లాడు" అంది.