మంత్రిగారు దీవిలో ఉన్నంతకాలం

మాన్య మంత్రివర్యులు ముప్పై రోజులపాటు దీవిలో సామాన్యుడిలా నివసించాలని నిర్ణయించారు. ఆ చారిత్రక ఘట్టానికి ముందు పూర్తి కావలసిన పనులు ఇవీ:

ఒకటి. దీవిని శుభ్రం చేయాలి. మరీ శుభ్రం చేయకూడదు. మంత్రిగారు ఊడుస్తుండగా ఫొటో తీయడానికి కొంత చెత్త మిగలాలి.

రెండు. మంత్రిగారి గుడిసెకి ఏసీ పెట్టాలి. అది బయటికి కనిపించకూడదు.

మూడు. దీవివాసులు పేదగా కనిపించాలి. అయితే మన ప్రభుత్వంలోని పేదల్లా కాక, పోయిన ప్రభుత్వం మిగిల్చి వెళ్ళిన పేదల్లా కనిపించాలి.

నాలుగు. విలేకరుల పడవ ఐదున్నరకి తిరుగు ప్రయాణం కాబట్టి సూర్యాస్తమయం ఐదింటికల్లా పూర్తయ్యేలా చూడాలి.

ఐదు. కొబ్బరికాయలు మంత్రిగారి నెత్తిన పడకుండా చెట్లకి వలలు కట్టించాలి.

ఆరు. మంత్రిగారు ఆ ముప్పై రోజులూ అక్కడ ఉండడానికి ఒక మనిషిని చూడాలి.

మొదటి ఐదు పనులకీ ఐదు కమిటీలు వేశారు. ఆరోదానికి డిగ్రీబాబుని వేశారు.

డిగ్రీబాబు మంత్రిగారి ఆఫీసులో తాత్కాలిక గుమాస్తా. ఏడేళ్ళుగా తాత్కాలికమే. వాళ్ళ వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు కావడంతో, ఎక్కడ సంతకం పెట్టినా పేరు పక్కన డిగ్రీ కూడా రాసేవాడు. పోస్టుమాన్ పుస్తకంలో కూడా రాసేవాడు. పోనుపోను ఆఫీసువాళ్ళు పేరు మర్చిపోయి డిగ్రీని మాత్రం గుర్తుపెట్టుకున్నారు.

"నువ్వు చేయాల్సిందేం లేదోయ్, అక్కడ ఉండడమే," అన్నాడు మంత్రిగారి పీఏ. "మంత్రిగారు మొదటి రోజు వస్తారు, ఆఖరి రోజు వస్తారు. మధ్యలో ఇరవై ఎనిమిది రోజులు ఆయన తరఫున నువ్వుంటావు. ఆయన ఏమేం అనుభవించారో రోజూ ఓ పేజీ రాసి ఫోన్లో చదువు. ఆయన పేరు మీద పేపర్లో వేయిస్తాను."

"ఆయన అనుభవించింది నాకెలా తెలుస్తుందండీ?"

"నీకేం జరిగితే ఆయనకి అదే జరిగినట్టు. తిరిగొచ్చాక నీ పోస్టు పర్మనెంటు. సరేనా?"

డిగ్రీబాబు కళ్ళు చెమర్చాయి. అంత పెద్దమనిషి తనలాంటివాడి ఒంటి మీదుగా కష్టపడడానికి ముందుకు రావడం మామూలు విషయం కాదని అతనికి అనిపించింది.

మొదటి రోజు మంత్రిగారు పదకొండింటికి దీవిలో దిగారు. నాలుగు నిమిషాలు ఊడ్చారు. ఒక ముసలాయన్ని మూడుసార్లు కౌగలించుకున్నారు. మొదటి రెండుసార్లూ కెమెరా సిద్ధంగా లేదు. ఐదయింది. కమిటీ ఎంత శ్రమించినా సూర్యుడు దిగలేదు. మంత్రిగారే పెద్దమనసు చేసుకుని, ఎర్రరంగు పేపరువాళ్ళు వేసుకుంటారులెమ్మని సముద్రం వైపు చూస్తూ నిలబడ్డారు. ఐదున్నరకి విలేకరుల పడవలోనే వెళ్ళిపోయారు. ఆయన పేరున రాసి ఉన్న సామాను కాబట్టి ఏసీ కూడా ఆయన వెంటే వెళ్ళింది. చెట్లకి కట్టిన వలలు మర్నాడు పొద్దున సముద్రంలో చేపలు పడుతూ కనిపించాయి. గుడిసె మూడోనాటి గాలివానకి లేచిపోయింది. అలా దీవిలో మంత్రిగారి నివాసం ఘనంగా మొదలైంది.

రూలు రూలే. మంత్రిగారు ఫలానా చోట ఉన్నారని ఆ చోటనే పనిచేసే ప్రభుత్వోద్యోగి ఎవరైనా రోజూ మూడు కాపీల్లో సంతకం పెట్టాలి. దీవి మొత్తానికి ఉన్న ప్రభుత్వోద్యోగి ఒక్కతే. రెండు గదుల ఆరోగ్య కేంద్రాన్ని పదకొండేళ్ళుగా నడుపుతున్న నర్సమ్మ. గుడిసె లేచిపోయాక డిగ్రీబాబుకి వెనకగది ఇచ్చింది కూడా ఆవిడే.

మొదటిసారి ఫారం చూసి, "ఏరీ మంత్రిగారు?" అంది.

"ఉన్నారండీ."

"ఎక్కడ?"

"నేనేనండీ."

నర్సమ్మ అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "ఓట్లు అడగడానికి వచ్చినప్పుడు బొద్దుగా ఉండేవాడివి. పాపం, ప్రజాసేవలో చిక్కిపోయావు," అని మూడు కాపీల మీదా సంతకం పెట్టింది.

డిగ్రీబాబు నిజాయితీపరుడు. ఏది జరిగితే అదే రాశాడు. ఒడ్డున పడుకుని లేచేసరికి ఎడమ చెప్పుని పీతలు ఈడ్చుకుపోయాయని రాస్తే, 'పాదరక్షలు త్యజించిన మంత్రి' అని పడింది. కొబ్బరిచెట్టు సగం దాకా ఎక్కి, దిగడం చేతకాక గంటన్నరసేపు మానుని పట్టుకుని వేలాడానని రాస్తే, 'చెట్టుకి మంత్రి ఆత్మీయ ఆలింగనం' అని పడింది. బావినీళ్ళు ఉప్పగా ఉండి మూడు రోజులు కడుపు కదిలిపోయిందని రాశాడు. అది 'మూడు రోజుల ఉపవాస దీక్ష' అయింది.

ఆ రోజే అతని భార్య ఫోన్ చేసింది. "మీ మంత్రిగారు దీవిలో ఉపవాసమటగా, పాపం. నిన్న మన వీధి చివర పెళ్ళికొచ్చి మూడుసార్లు వడ్డించుకున్నారు."

"అలా అనకూడదే. ఆయన ఇక్కడున్నారు."

"మీరెక్కడున్నారు మరి?"

డిగ్రీబాబు ఆలోచించాడు. ఆ ప్రశ్నకి ఏ ఫైల్లోనూ జవాబు లేదు.

తొమ్మిదో రోజు అతను పడవ గురించి రాశాడు. దీవికి వారానికి రెండే పడవలు, మంగళవారం ఒకటి, శనివారం ఒకటి. మిగతా రోజుల్లో రోగమొస్తే ఒడ్డున కూర్చుని సముద్రాన్ని చూడడమే వైద్యం.

పీఏ ఫోన్లో కసురుకున్నాడు. "ఇదేంటోయ్, ఫిర్యాదులా ఉంది? ఆయన మంత్రి. ఎవరికి ఫిర్యాదు చేస్తాడు?"

మర్నాడు పేపర్లో ఇలా వచ్చింది: 'ఇక్కడ ఎవరికీ తొందర లేదు. పడవకి కూడా.'

ఇరవయ్యో రోజు పొద్దున నర్సమ్మ వరండాలో సూదులు మరిగిస్తోంది. ఆవిడ కూతురు నిండు కడుపుతో గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. డిగ్రీబాబు ఫారం తెచ్చి ముందు పెట్టాడు. నర్సమ్మ పెన్ను తీయలేదు.

"దీనికి పదిరోజుల్లో పురుడు బాబూ. పోయినసారి బిడ్డ అడ్డం తిరిగింది. బుధవారం నొప్పులొచ్చాయి. పడవ శనివారం వచ్చింది. ఇది దక్కింది, బిడ్డ దక్కలేదు. పదకొండేళ్ళలో ఈ ఒడ్డు మీద నలుగురు తల్లుల్ని పోగొట్టుకున్నాను నేను, పడవకేసి చూస్తూ."

"నేను రాశానక్కా. కొట్టేశారు."

"రోజూ మూడు కాపీల్లో నీకోసం అబద్ధానికి సంతకం పెడుతున్నాను. నాకోసం ఒక్క నిజం రాయలేవా? కొట్టేయడానికి వీల్లేకుండా రాయి. అంత చదివావు కదా!"

గుమ్మం దగ్గర్నుంచి కూతురు అంది, "ఊరుకోవే అమ్మా. మంత్రిగారి మీద అరిస్తే లోపలేస్తారు."

అదృష్టవశాత్తూ ఆ వారం మంత్రిగారు పీఏని వెంటబెట్టుకుని విదేశీ పర్యటనలో ఉన్నారు. దీవుల్లో జీవనవిధానాన్ని అధ్యయనం చేయడానికి ఒక మంచుదేశం వెళ్ళారు. ఫోనుకి దొరికిన పీఏ చలికి వణుకుతూ, "నన్ను విసిగించకు. ఇకమీదట నేరుగా పేపరుకే చదివెయ్," అన్నాడు.

డిగ్రీబాబు రోజంతా కూర్చుని నాలుగు వాక్యాలు రాశాడు. ఎక్కువ అడిగితే ఇవ్వరని అతనికి ఏడేళ్ళ అనుభవం. అందుకే ఒళ్ళు దగ్గరపెట్టుకుని అడిగాడు. చివరి వాక్యం ఇది: 'నేను ఈ దీవిలో ఉన్నంతకాలం ఇక్కడి నా ప్రజల కోసం ప్రతిరోజూ పడవ నడుస్తుంది. ఇది నా మాట.'

దేశం పులకించింది. సంపాదకీయాలు వచ్చాయి. ముఖ్యమంత్రి నిండుసభలో మంత్రిగారి భుజం తట్టారు. మంచుదేశం నుంచి అప్పుడే దిగిన మంత్రిగారు పీఏ వైపు వంగి, "అలా అన్నానా?" అని అడిగారు.

"అన్నారండీ."

"భలే అన్నానే!"

సభ అయ్యాక పీఏ దీవికి ఫోన్ చేశాడు. "నా కొంప ముంచావు కదయ్యా!"

"పొరపాటైతే ఆ మాట తాను అనలేదని మంత్రిగారు ప్రకటన ఇవ్వొచ్చండీ," అన్నాడు డిగ్రీబాబు వినయంగా.

పీఏ గొంతు తగ్గించాడు. "అనలేదంటే అక్కడ లేరని తేలుతుంది కదోయ్," అన్నాడు.

మూడోరోజుకి ఉత్తర్వు వచ్చింది. 'మాన్య మంత్రివర్యులు దీవియందు నివసించుచున్నంతకాలము, సదరు నివాసము నిర్ణీత ఫారములో ధ్రువీకరింపబడుచున్నంతకాలము, దినమునకు ఒక పడవ నడపవలెను.' మర్నాటి నుంచి మధ్యాహ్నం రెండింటికి పడవ రావడం, మూడింటికి వెళ్ళడం మొదలైంది.

ముప్పయ్యో రోజు వచ్చింది. ముగింపు ఫొటోకి రావలసిన మంత్రిగారు రాలేకపోయారు. దీవిలో నిరాడంబరంగా జీవించినందుకు రాజధానిలో ఆయనకి సన్మానం ఉంది. నర్సమ్మ కూతురికి ఇంకా నొప్పులు రాలేదు. కడుపులోని బిడ్డ ఉత్తర్వు చదవలేదు.

"ఇవాళ్టితో అయిపోయినట్టే కదా బాబూ," అంది నర్సమ్మ.

డిగ్రీబాబు కాగితం తీసుకుని రాయడానికి కూర్చున్నాడు. మర్నాడు పేపర్లో పడింది: 'ముప్పై ఒకటో రోజు. ఈ దీవి నన్ను వదలనంటోంది.' నర్సమ్మ మూడు కాపీల మీదా సంతకం పెట్టింది.

మంత్రిగారికి ఇది బాగా నచ్చింది. దీవిలో ఉంటూనే ఆయన రాజధానిలో రెండు వంతెనలు ప్రారంభించారు. ప్రతిపక్షంలో ఎవరో ఒకాయన మాత్రం శాసనసభలో లేచి, "మంత్రిగారు దీవిలో ఉంటే మరి ఆ కుర్చీలో కూర్చున్నదెవరు?" అని అడిగాడు. మంత్రిగారు నర్సమ్మ సంతకాల కట్ట బల్ల మీద పెట్టారు. స్పీకరుగారు కట్టని చూసి, మంత్రిగారిని చూసి, కట్ట సక్రమంగా ఉందన్నారు. ప్రతిపక్షం సంతృప్తి చెంది కూర్చుంది.

ముప్పై నాలుగో రోజు, బుధవారం, నర్సమ్మ కూతురికి నొప్పులొచ్చాయి. మూడింటి పడవలో తీసుకెళ్ళారు. ఆ సాయంత్రమే అవతలి ఒడ్డున, పెద్దాసుపత్రిలో, ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. తల్లీబిడ్డా క్షేమం. మర్నాటి పడవలో వచ్చిన నర్సమ్మ కాళ్ళు కూడా కడుక్కోకుండా రెండు రోజుల ఫారాలూ తీసుకుని సంతకాలు పెట్టింది. అప్పుడు ఏడ్చింది.

నలభయ్యో రోజు పడవలో డిగ్రీబాబు పేరిట కవరు వచ్చింది. పోస్టు పర్మనెంటు. ఏడు రోజుల్లోగా రాజధాని ఆఫీసులో చేరాలి. ఆ కాగితాన్ని అతను ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. అందులో అతని అసలు పేరు ఉంది.

"వెళ్ళు బాబూ," అంది నర్సమ్మ. "నీ బతుకు నువ్వు చూసుకోవాలి కదా."

"మరి పడవ?"

"ఇదివరకు లేనప్పుడు బతకలేదా ఏంటి? బతికినవాళ్ళం బతికాం."

మర్నాడు పెట్టె పట్టుకుని వరసలో నిలబడ్డాడు. అతని ముందు కంటి ఆపరేషన్‌కి వెళుతున్న ఒక ముసలమ్మ ఉంది. వెనక్కి తిరిగి, "శుక్రవారం కట్టు విప్పుతారట నాయనా. శుక్రవారం కూడా ఈ పడవ ఉంటుంది కదా?" అంది.

"ఉంటుందమ్మా."

"నీకు ఖాయంగా తెలుసా?"

డిగ్రీబాబు ముసలమ్మని చెయ్యి పట్టుకుని పడవ ఎక్కించాడు. పెట్టె తీసుకుని వెనక్కొచ్చి, ఆ రోజు మంత్రిగారి అనుభవం రాయడానికి కూర్చున్నాడు.

ఏడు రోజులు దాటాయి. ఎనిమిదో రోజున, ఎక్కడున్నాడో తెలియజేయకుండా విధులకు గైరుహాజరైనందుకు అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. ఎక్కడున్నాడో ఆఫీసు ఫైళ్ళలో నిజంగానే ఎక్కడా లేదు. రికార్డుల ప్రకారం దీవిలో ఉన్నది మంత్రిగారు.

విషయం తెలిసి భార్య ఫోన్లో తిట్టవలసినంత తిట్టింది. ఆ మరుసటి వారం కుట్టుమిషన్‌తో సహా మధ్యాహ్నం పడవలో దిగింది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్నవాణ్ణి పిలిచి, "అన్నా, మంత్రిగారి భార్యని. మా ఇల్లెక్కడ?" అని అడిగింది. వాడు ఆరోగ్య కేంద్రం వెనకగది చూపించాడు. దీవిలో చొక్కాలు, పరికిణీలు అప్పటినుంచి ఆవిడే కుడుతోంది. ఇల్లు అలా గడుస్తోంది.

పేపరు రోజూ వేస్తూనే ఉంది. ఆపమని ఎవరూ చెప్పలేదు. మంత్రిగారు మొదట్లో చదివేవారు, తర్వాత మానేశారు. ఎన్నికల్లో దీవి బొమ్మతోనే గెలిచారు. దీవి జీవనంపై ఆయన పుస్తకం కాలేజీల్లో పాఠ్యగ్రంథమైంది.

రెండో ఏడు వానాకాలంలో, రాజధానిలో, మంత్రిగారు గుండె ఆగి పోయారు.

వార్త మధ్యాహ్నం పడవలో దీవికి చేరింది. మొదటి పేజీ నిండా ఆయన ఫొటో, చుట్టూ నల్లగీత. డిగ్రీబాబు చదివి నర్సమ్మకి ఇచ్చాడు. నర్సమ్మ చదివి మడతపెట్టింది. వాకిట్లో ఆవిడ మనవరాలు బుడిబుడి అడుగులేస్తూ కోడిని తరుముతోంది. పెద్దాసుపత్రిలో పరీక్ష చేయించుకొచ్చిన ఒక గర్భిణిని పడవలోంచి ఇద్దరు జాగ్రత్తగా దించుతున్నారు.

"పాపం," అంది నర్సమ్మ.

"అవునక్కా," అన్నాడు డిగ్రీబాబు. అతని చేతిలో ఫారం ఉంది. ఇవ్వాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు.

నర్సమ్మ కళ్ళజోడు సవరించుకుంది. "ఇటు తే. మూడు కాపీలూ ఉన్నాయా?"

మర్నాటి పేపరు మొదటి పేజీలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియల ఫొటో వేశారు. ఐదో పేజీలో ఎప్పటి చోటే, ఎప్పటి పెట్టెలోనే, మంత్రిగారి దీవి నివాసం, ఆరువందల పన్నెండో రోజు: 'ఈ ఉదయం మనసు తేలికగా ఉంది. గాలి చల్లగా వీస్తోంది. పడవ వేళకే వచ్చింది.'

పాఠకుల నుంచి ఒక్క ఉత్తరం కూడా రాలేదు. పడవల శాఖ సంతకాలు సరిచూసుకుని, ఫారాన్ని ఫైల్లో పెట్టుకుంది.

అయ్యా, అమ్మా, కీర్తిశేషులైన మంత్రిగారిని తలుచుకోవడానికి కూడళ్ళలో విగ్రహాలున్నాయి, వాటికి దండలు వేయడానికి మనుషులున్నారు. ఎప్పుడైనా మీ చూపు ఐదో పేజీ దాకా వెళితే, ఇంకా అక్కడే ఉంటున్న ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి. పైకి మాత్రం అనకండి.