చిల్లులు లేని ఆకులు

పురపాలక సంఘంవారు సీతాకోకచిలుకల వనం ఏర్పాటు చేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. సీతాకోకచిలుకలను ఎవరూ సంప్రదించలేదు. అది ఆనవాయితీ కాదు.

పని పార్కు తోటమాలికి అప్పజెప్పారు. ఆవిడకు యాభై దాటాయి, ఉద్యోగం మాత్రం ఇంకా పర్మినెంటు కాలేదు. వనం బాగుంటే అవుతుందని ఆశ పెట్టారు. ఆవిడ ఊరవతలి అడవికి పోయి గాడిదగడప తీగలు, ఉలిమిరి, అడవినిమ్మ మొలకలు తెచ్చి నాటింది. ఏ సీతాకోకచిలుక ఏ ఆకు మీద గుడ్డు పెడుతుందో ఆవిడకు చుట్టాల ఇళ్లంత బాగా తెలుసు. కొన్నాళ్లకు గొంగళిపురుగులు దిగాయి. ఆకులు జల్లెడలయ్యాయి. ఆవిడ మురిసిపోయింది.

ప్రారంభోత్సవానికి మూడు వారాల ముందు ఉద్యానాధికారి తనిఖీకి విచ్చేశారు. మొక్కలను ఇరవై ఏళ్లుగా కాగితం మీద పెంచుతున్న అనుభవజ్ఞులు.

"ఏంటమ్మా ఈ చిల్లులు?"

"పురుగులు తిన్నాయి సార్."

"ఎవరి పర్మిషన్‌తో?"

"అవే సార్, రేపు సీతాకోకచిలుకలయ్యేది."

అధికారి జాలిగా నవ్వారు. "తీర్మానంలో సీతాకోకచిలుకలని ఉంది. పురుగులని ఎక్కడా లేదు."

సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. పిచ్చిమొక్కలు పీకేయాలి. వాటి స్థానంలో పైదేశపు పూలమొక్కలు నాటి, వారానికి రెండుసార్లు మందు కొట్టాలి. కొత్త మొక్కల ఆకులు తళతళలాడుతున్నాయి. ఒక్క పురుగూ వాటివంక చూడలేదు. అధికారి ఒక ఆకును తడిమి, "అచ్చం ప్లాస్టిక్‌లా ఎంత బాగుందో!" అని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు.

తోటమాలి పీకమన్నవన్నీ పీకింది గానీ పారేయడానికి చేతులు రాలేదు. పురుగులతో సహా వేళ్లమట్టి చెదరకుండా మోసుకెళ్లి, ప్రహరీ అవతల ఎరువుగుంట పక్కన పాతింది.

"తెలిస్తే ఉన్న పని కూడా ఊడుతుందే," అన్నాడు భర్త.

"ఊడితే ఊడనీ. పాలు తాగే పిల్లల్ని వీధిలో పారేయమంటే పారేస్తామా?"

ఆయన రెండు బిందెలు తెచ్చి నీళ్లు పోశాడు.

ప్రారంభోత్సవం నాడు ఛైర్మన్‌గారు మైకు అందుకున్నారు. "సీతాకోకచిలుక అంటే ప్రగతి! పాకడం మనకు సరిపడదు! పుట్టుకతోనే ఎగరాలి!" చప్పట్లు మోగాయి. వనంలో మాత్రం ఈగ కూడా లేదు. అధికారికి ముచ్చెమటలు పోస్తున్నాయి. ఎండ కాస్త ముదిరేసరికి గోడ మీదుగా ఒకటి వచ్చింది. వెనకే పది, ఆ వెనక లెక్కలేనన్ని. నల్లవి, ఎర్రచుక్కలవి, తెల్లవి. ఒకటి వచ్చి నేరుగా ఛైర్మన్‌గారి ముక్కు మీద వాలింది.

"చూశారా! నా మాట వినడానికే వచ్చాయి!" అన్నారాయన, ముక్కు కదలకుండా.

గోడ అవతల తోటమాలి మట్టిచేతులతోనే చప్పట్లు కొట్టింది. అధికారికి షీల్డు దక్కింది. ఆవిడ ఉద్యోగం పరిశీలనలో ఉందని సమాచారం.

వారం తిరిగేసరికి సీతాకోకచిలుకలు పక్క కాలనీ బాల్కనీల్లోని నిమ్మకుండీల మీద గుడ్లు పెట్టాయి, గుడ్లలోంచి పురుగులు దిగాయి. సీతాకోకచిలుకల ఫొటోలు ఫోన్ల నిండా నింపుకున్న కాలనీవాసులు అర్జీ రాశారు. సీతాకోకచిలుకలకు సదా స్వాగతం, సంతానంతో రాకూడదు. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఒకావిడ మనవణ్ణి చంకనేసుకుని, సంతకాలకు ముందు ఆ అర్జీని తోటమాలికి చూపించడానికి పార్కుకు వచ్చింది.

"ఆ పురుగుల గొడవ లేకుండా నేరుగా రెక్కలతో పుట్టేవి లేవా?"

తోటమాలి పిల్లాడి బుగ్గ నిమిరింది. "మీ మనవడు నేరుగా డాక్టరయ్యే పుట్టాడా అమ్మగారూ?"

హెడ్‌మిస్ట్రెస్ పడీపడీ నవ్వింది. ఆ మాటను ఫోన్లో కాలనీ మొత్తానికీ పంపింది. ఎంత గొప్పగా చెప్పిందని అందరూ కళ్లు తుడుచుకున్నారు. కొందరు తమ పిల్లలకు చదివి వినిపించారు.

ఆ తర్వాత అందరూ అర్జీ మీద సంతకాలు పెట్టి, బాల్కనీల్లో మందు కొట్టించుకున్నారు. వాసన రాని మందే తెప్పించారు. ఎంతైనా ప్రకృతి ప్రేమికులు.