పుల్ల ఇవ్వందే బాతు ఇవ్వదు

బర్మాలోని రంగం పట్నంలో, బొటాటౌంగ్ రేవు పక్కన నాలుగడుగులు వేస్తే చాలు తెలుగు మాట చెవిన పడే రోజులవి. ఆ రేవులో బియ్యం బస్తాలు మోసే ముఠాకు బంగారురాజు మేస్త్రీ. మంచు పట్టిన ఒక చలికాలపు ఉదయం, ముఖం కడుక్కుంటూ, అతడు ఒక గట్టి నిర్ణయానికి వచ్చాడు. ఆ సాయంత్రం ఎలాగైనా కేప్టెన్ పరువు తీసెయ్యాలి.

కేప్టెన్ అంటే ఓడ నడిపే మనిషి కాదు, కుక్క. నల్లగా నిగనిగలాడే వేటకుక్క. పేరుకు అది బియ్యం గోదాముల పెద్ద డంకన్ దొరది. పిల్లకుక్కగా ఓడ దిగిన నాడే దొరసాని దాన్ని చూసి ముక్కు మూసుకోవడంతో, దొర తెచ్చి బంగారురాజు చేతిలో పెట్టాడు. అప్పటినుంచి అది మేస్త్రీ మంచం కిందే పెరిగింది. అతడి భార్య దేముడమ్మ చేతి గంజి తాగింది. ఏటా అడవి పెద్దబాతులు దిగగానే దొర మేస్త్రీనీ కుక్కనీ కారెక్కించుకుని ఇన్సేన్ అవతలి చేలకు వేటకు పోయేవాడు. దొర కాల్చడం, కేప్టెన్ తేవడం, బంగారురాజు మోయడం. ఆ సాయంత్రాలను తలుచుకుంటూ మేస్త్రీ తక్కిన ఏడాదంతా గడిపేసేవాడు.

ఇప్పుడు దొరకు మాండలే బదిలీ అయింది. "కేప్టెన్‌కి వయసు మళ్లింది. రేపు సాయంత్రం వేటలో దాని పనితనం చూస్తాను. బాగా చేసిందా, నాతో మాండలే వస్తుంది. లేదంటే ముసలి ప్రాణాన్ని అంత దూరం ఈడ్చడం దేనికి, మేస్త్రీ దగ్గరే ఉండనీ" అని ముందురోజు కబురు పంపాడు. అది విన్నప్పటినుంచి బంగారురాజుకు కాలూ చెయ్యీ ఆడలేదు. పిల్లల్లేని ఇల్లు అతడిది. రేవు నుంచి అలిసి వస్తే గుమ్మం దాకా ఎదురొచ్చేది కేప్టెన్ ఒక్కటే. అది లేని గదిలోకి అడుగు పెట్టడం తన వల్ల కాదనుకున్నాడు. కేప్టెన్ ఇంట్లో మిగలాలంటే వేటలో తప్పాలి. అంతే.

"ఏటే దేముడూ, ఇయ్యాల మజ్జానం కేప్టెన్‌కి పీకల దాకా పెట్టు. ఆ బొచ్చె సేపల పులుసు మొత్తం దాని కూట్లోనే ఏసీ" అన్నాడు.

"మొత్తవే? మరి నీకో?"

"నాకు సారుంటే సాలు."

ఎందుకో మాత్రం చెప్పలేదు. దేముడమ్మకు పొద్దున చెప్పిన మాట మధ్యాహ్నానికి కుళాయి దగ్గరకు చేరిపోతుంది. అక్కడ బిందె పట్టుకుని మార్గరెట్ నిలబడి ఉంటుంది. మార్గరెట్ మొగుడు చార్లెస్ గోదాములో గుమాస్తా, దొరకు తెలుగు దుబాసీ. బాప్టిస్టు గుడిలో ముందు వరస మనిషి. అబద్ధమాడడు సరే, నిజాన్ని కడుపులో దాచుకోవడం కూడా పాపమే అనుకునే రకం.

దేముడమ్మ ఆలోచన ఆమెది. కడుపు నిండిన కుక్క ఎక్కడైనా పరుగెత్తుతుందా? దొర ముందు కుక్క చతికిలబడితే పెంచిన మొగుడి పరువేం కాను? కంగారులో ఈ మనిషికి మతి పోయిందని జాలిపడి, కేప్టెన్‌కు పలచటి గంజి పోసి ఊరుకుంది. పులుసు తెచ్చి మొగుడి కంచంలో వంచింది.

"ఇదేటి, దానికెట్టమన్నాను గదా?"

"దానికెట్టగా మిగిలింది. బేగి తిను మావా."

కుక్క కడుపు నిండాక మిగిలిందంటే ఇక బెంగ లేదనుకుని బంగారురాజు మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. కారు ఇన్సేన్ దాటేసరికి అతడు దుబాసీగా వెంట వచ్చిన చార్లెస్ భుజం మీద వాలి గుర్రు పెడుతున్నాడు. కేప్టెన్ మాత్రం కిటికీలోంచి తల బయట పెట్టి, గాలి పీలుస్తూ, నిలువెల్లా ఊగిపోతోంది.

బంగారురాజు దగ్గర రెండో ఉపాయం కూడా ఉంది. అది పుల్లల సంగతి. రేవులో ప్రతి బస్తాకూ ఒక లెక్కపుల్ల ఇస్తారు. కలాసీ బస్తా దించుతాడు, వెదురుపుల్ల పుచ్చుకుంటాడు. పుల్ల చేతిలో పడందే బస్తా వదలడు, వదిలితే ఆ మోత పక్క ముఠా ఖాతాలో పడిపోతుంది. పిల్లకుక్కగా కేప్టెన్ రోజంతా ఇదే చూసింది. ఒకనాడు ఎవరిదో పాత చెప్పు కరుచుకొచ్చి, కలాసీల వరసలో తనూ కూర్చుంది. ముఠా అంతా పగలబడి నవ్వింది. బంగారురాజు ముచ్చటపడి ఒక పుల్ల ఇచ్చాడు. అంతే, ఆ రోజు నుంచి పుల్ల ఇవ్వందే అది ఏదీ వదల్లేదు. వేటలో కూడా మేస్త్రీ వెనక నుంచి గుట్టుగా పుల్ల అందిస్తేనే నోరు తెరిచేది. తన ఇంగ్లీషు హుకుంకే కుక్క బాతును వదులుతోందని దొర ఇన్నాళ్లూ మురిసిపోయాడు. ఈ సాయంత్రం బంగారురాజు పుల్లలు ఇంట్లోనే వదిలేసి వచ్చాడు.

లైంగ్ నది ఒడ్డున కోతలైపోయిన చేలు. ఎండ ఎర్రబడుతోంది. దూరాన ఎక్కడో పెద్దబాతుల అరుపు మొదలైంది. ఆ అరుపు వినగానే బంగారురాజుకు ప్రాణం లేచి వచ్చింది, వెంటనే దిగులూ వేసింది. ఇదే గట్టు మీద కుర్ర కేప్టెన్ మొదటి బాతును తెచ్చి, దాని బరువుకు తనే బోర్లా పడింది. ఇవాళ అదే గట్టు మీద దాని చేత తప్పు చేయించాలని తను వచ్చాడు.

బాతులు బారు తీరి వచ్చాయి. దొర కాల్చాడు. ఒకటి పడింది. కడుపు బరువెక్కి ఉండాల్సిన కేప్టెన్ వదిలిన బాణంలా పోయింది. బంగారురాజు నోరు తెరిచి చూస్తుండగానే, ఈక నలగకుండా బాతును తెచ్చి దొర ముందు కూర్చుంది.

"వదులు" అన్నాడు దొర తన భాషలో. కేప్టెన్ వదల్లేదు. దొర బాతు కాళ్లు పట్టుకుని లాగాడు. కేప్టెన్ దాని మెడ పట్టుకుని కూర్చుంది. దొర బలమంతా పెట్టి గుంజాడు. చేతిలోంచి బాతు జారింది, కాలి కింద గట్టు జారింది, దొర వెళ్లి మడిలో చతికిలపడ్డాడు. కేప్టెన్ ఆయన్ని జాలిగా చూసింది. ఇక్కడ పుల్లలిచ్చే వాడు లేడని దానికి అర్థమైంది. బాతును కరుచుకుని, పుల్లలిచ్చే వాణ్ని వెతుక్కుంటూ బయల్దేరింది.

చేను చివర గుడిసె ముందు ఊ ష్వేథా అనే ముసలి బర్మా రైతు కూర్చుని, దడి కట్టడానికి వెదురు చీలుస్తున్నాడు. చుట్టూ పుల్లలే పుల్లలు. ఇంత పెద్ద లెక్కల మనిషిని కేప్టెన్ రేవులో కూడా చూసి ఉండదు. నేరుగా వెళ్లి అతడి ముందు కూర్చుంది, ఒక పుల్లను కాలి కింద తొక్కిపట్టింది, బాతును అతడి ఒళ్లో దించింది. తను చంపింది కాదు గనక పాపం లేదు, దానంతట అదే వచ్చింది గనక కాదనే పనీ లేదనుకుని ముసలాయన దూరాన బురదలో ఉన్న దొరకు వంగి దండం పెట్టాడు.

దొర రెండోది కాల్చాడు. అదీ గుడిసెకే పోయింది. మూడోది కూడా ఆ దారే పట్టింది. దొర టోపీ విసిరికొట్టి, అరుస్తూ గుడిసె వైపు పరుగెత్తాడు. అంత పెద్దమనిషి తన గుమ్మానికి పరుగెత్తుకు రావడం చూసి ఊ ష్వేథా నడుముకు చుట్టిన లోంజీ సర్దుకుని లేచాడు, టీ కప్పు చేతికిచ్చాడు, "ఖ్వే కౌండే" అంటూ కుక్క మంచిదని మెచ్చుకున్నాడు. దొర ముఖం బీట్‌రూట్‌ దుంపలా ఎర్రబడింది. వెనకే చేరుకున్న బంగారురాజు నవ్వు ఆపుకోలేక తలపాగా కొస నోట్లో కుక్కుకున్నాడు.

"ఈ కుక్క నాకొద్దంటున్నారు దొరగారు. నువ్వే ఉంచుకోమంటున్నారు" అన్నాడు చార్లెస్.

బంగారురాజుకు ఏనుగెక్కినంత పనైంది. కోరింది దక్కింది. వంగి సలాం పెట్టాడు. కానీ చార్లెస్ ఏదీ సగంలో వదలడు గదా!

"ఇంకా ఉంది మేస్త్రీ. ఇది ఒట్టి దొంగకుక్కట. దొంగల చేతిలో పెరిగితే ఇంతేనట."

సలాం పెట్టిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"దొంగేటి? ఎవుర్నంటన్నాడు దొంగని? ముఠాలో పెరిగిన కుక్క బాబూ ఇది! బస్తాకి పుల్ల, పిట్టకి పుల్ల. పుల్ల పడకుండా సరుకు దించడం మా కాడ లేదు. అది దొంగతనవైతే నానూ దొంగనే, మా బాబూ దొంగే! పుల్లలు కావాలనే ఇంటికాడ ఒగ్గీసినాను. ఎందుకు? నా కుక్క నా కాడ ఉండిపోవాలని! సెప్పు, సెప్పు మీ దొరకి!"

కోపంలో ఎవరైనా అనే మాటే అది. కానీ చెప్పమన్నాడు గనక చార్లెస్ చెప్పాడు. ముఠా, పుల్ల, బాబు, ఇంటి దగ్గర వదిలేసిన సంగతి, ఒక్క ముక్క పోనివ్వలేదు.

అంతా విని దొర బురద చేతులు తుడుచుకున్నాడు. తర్వాత ముసలాయన దగ్గర ఒక పుల్ల అడిగి పుచ్చుకున్నాడు. మసక పడుతున్న ఆకాశంలో ఆఖరి బారు వచ్చింది. దొర కాల్చాడు. బాతు వెళ్లి నది నడుమ పడింది. కేప్టెన్ దూకింది. కాసేపు నల్లటి తల కనపడింది, ఆ తర్వాత నీళ్లు తప్ప ఏమీ కనపడలేదు.

"కేప్టెనా! వచ్చీరా నాయినా! పిట్ట పోతే పోనాది, వచ్చీరా!" బంగారురాజు మొలలోతు నీళ్లలోకి దిగిపోయాడు. మాండలే అయినా పరవాలేదు, ఎక్కడో ఒకచోట బతికి ఉంటే చాలుననిపించింది అతడికి.

రెల్లు కదిలింది. కేప్టెన్ రొప్పుతూ గట్టెక్కింది, నోట్లో బాతుతో. దొర వంగి పుల్ల చాపాడు. కేప్టెన్ పుల్లను చూసింది, దొరను చూసింది, తలతిప్పి మేస్త్రీ వైపు చూసింది. ఇప్పుడు కూడా బంగారురాజు మొహం పక్కకు తిప్పుకుంటే చాలు, అది వదలదు. ఆ సంగతి అతడికి తెలుసు.

"ఇచ్చీ నాయినా" అన్నాడు. "పుల్ల మంచిదే."

కేప్టెన్ బాతును దొర చేతిలో పెట్టింది. దొర దాని తడితల నిమురుతూ చాలాసేపు ఏదో చెప్పాడు.

"ఇంత మంచి కుక్కను వదిలి వెళ్లరట. మాండలే తీసుకుపోతారట" అన్నాడు చార్లెస్. బంగారురాజు తల దించుకున్నాడు. "ఇంకా ఉంది మేస్త్రీ. కుక్కకి తోడు నిన్నూ రమ్మంటున్నారు. అక్కడి గోదాములో మేస్త్రీ పనట. రానంటే మాత్రం కుక్క ఒక్కటే..."

"వత్తాను!" అన్నాడు బంగారురాజు, మాట పూర్తి కాకుండానే.

ఇంట్లో దేముడమ్మ అంతా విని నెత్తి బాదుకుంది. "ముందే సెప్తే సేపలన్నీ దానికే ఎట్టీదాన్ని గదా మావా! కుక్క ఇల్లు కదలకూడదన్నావు. ఇప్పుడు ఇల్లే కదిలిపోనాది" అంటూ ఏడ్చింది. ఏడుస్తూనే మూటలు కట్టింది. వాళ్లు రైలెక్కిన రోజు ముఠా అంతా స్టేషనుకొచ్చి, మేస్త్రీకి దండ వేసి, కేప్టెన్‌కు సలాము కొట్టింది.

మాండలేలో అతడికి పనీ దొరికింది, పరువూ దొరికింది. తెలుగు మాట మాత్రం ఇంట్లో తప్ప వినపడేది కాదు. చలికాలం సాయంత్రాల్లో పెద్దబాతులు బారు తీరి దక్షిణంగా పోతుంటే బంగారురాజు గోదాము గుమ్మంలో అలాగే నిలబడిపోయేవాడు. అవి రంగం వెళ్తున్నాయి, ఇన్సేన్ చేలలో దిగుతాయి, తను మాత్రం ఇక్కడ ఉన్నాడనుకుంటే అతడి కళ్లు చెమర్చేవి. పక్కనే కేప్టెన్ కూడా తలెత్తి, కంటి చూపు ఆనేంత వరకూ వాటినే చూసేది. దానికి రంగం మీద బెంగేమీ లేదు, దాని బెంగల్లా అంత మంచి బాతులు పోతుంటే ఎవరూ కాల్చరేమిటనే.