మూడు ఒకటో నంబర్లు

ఆ ఆదివారం పొద్దున కళ్ళజోళ్ళ దుకాణం యజమాని వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారికి కొత్త కళ్ళజోడు పెట్టాలి. పదకొండు లోపల ఆవిణ్ణి గ్రంథాలయం మేడ ఎక్కించాలి. అక్కడ ఒక సంతకం చేయించాలి. అంతే. పెళ్ళయ్యాక ఇంతకంటే పెద్ద పథకాలు ఆయన వేసి ఎరగడు.

ఆ సంతకం వెనక కథ ఉంది. గ్రంథాలయం మేడమీది గదిలో ప్రతి ఆదివారం 'ఉక్కు తూనీగ' పాఠకుల సంఘం కూర్చునేది. ఉక్కు తూనీగ అంటే రెక్కలు తగిలించుకుని ఎగిరి దొంగల్ని పట్టే వీరుడు. ఏభై ఏళ్ళుగా నెలనెలా బొమ్మల పుస్తకంలో అలసట లేకుండా ఎగురుతూనే ఉన్నాడు. సంఘంలో మాత్రం ముగ్గురే మిగిలారు: కళ్ళజోళ్ళాయన, లిఫ్టు మెకానిక్కు, మందులషాపావిడ. కొత్తవాళ్ళు రాక కాదు. వచ్చిన ప్రతివాడూ కూర్చోగానే "ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు?" అని అడిగేవాడు. ముగ్గురూ ఒకేసారి జవాబు చెప్పేవారు. మరుసటి వారం ఆ మనిషి వీధిలో ఎదురైతే, వీళ్ళని చూసి అవతలి పక్కకి దాటేసేవాడు.

నలుగురు సభ్యులైనా లేని సంఘానికి గది ఇవ్వకూడదని గ్రంథాలయం నియమం. ఈ ఆదివారం పదకొండింటికల్లా నాలుగో సంతకం పడకపోతే గదిని కుట్లు, అల్లికల సంఘానికి ఇచ్చేస్తానని లైబ్రేరియన్ ఖరాఖండిగా చెప్పేశాడు. గది పోతే పోనీ. ఆ గదిలో పెద్ద బీరువా ఉంది. అందులో కళ్ళజోళ్ళాయన చిన్నప్పటి నుంచి కూడబెట్టిన పుస్తకాల పెట్టెలున్నాయి. అవి ఇంటికి రావడానికి వీల్లేదు. "ఆ పెట్టెలు గుమ్మం దాటి లోపలికొచ్చిన పూటే పాతకాగితాల బండెక్కుతాయి. ఆపైన మీ ఇష్టం" అని భార్య ఎప్పుడో తీర్పు చెప్పేసింది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

అందుకని ఆయన చూపు అత్తగారి మీద పడింది. ఆవిడ ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కూతుర్ని చూడటానికి వచ్చారు, మంగళవారం తిరుగు ప్రయాణం. కథలు పనీపాటా లేనివాళ్ళ కోసమని ఆవిడ నమ్మకం. బొమ్మల కథలైతే సరేసరి. నేరుగా అడిగితే పని జరగదు.

"కొత్త కళ్ళజోడు ఊరికే పెట్టుకుంటే కుదరదు అత్తయ్యగారూ. చిన్న పరీక్ష ఉంటుంది. సన్నటి అక్షరాలూ, రంగులూ, బొమ్మలూ కలిసిన పుస్తకం ఒకటి చదవాలి. గ్రంథాలయంలో అయితే వెలుతురు బాగుంటుంది."

"పరీక్షా?" అన్నారావిడ. రిటైరయ్యాక మొదటిసారి ఆవిడ నడుం నిటారుగా అయింది. "పెన్సిలు తెచ్చుకోనా?"

వంటింట్లోంచి భార్య తల బయటికి పెట్టింది. "ఏమండీ, మా అమ్మని ఎక్కడికి తీసుకెళుతున్నారు?"

"వెలుతురులోకి" అని ఆయన చెప్పులు వేసుకున్నాడు.

మేడమీది గదిలో అత్తగారిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, చేతులు కడుక్కొచ్చి, ప్లాస్టిక్ కవరులోంచి ఉక్కు తూనీగ ఒకటో నంబరుని, అంటే మొట్టమొదటి సంచికని, పసిపిల్లని దించినట్టు ఆవిడ ఒళ్ళో దించాడు. ఎవరైనా సరే ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాలని ఆయన సిద్ధాంతం.

"చదువుతూ ఉండండి. ఎక్కడైనా తేడాగా కనిపిస్తే చెప్పండి. కింద సంతకం కాగితం తీసుకుని ఇప్పుడే వస్తాను" అని వెళ్ళాడు. లైబ్రేరియన్ కాగితం వెంటనే తీశాడు. దాని మీద వేయాల్సిన ముద్ర ఎక్కడుందో వెతకడానికి మాత్రం వెనక గదిలోకి వెళ్ళి, అందులోనే ఉండిపోయాడు.

ఇక్కడ ఒక రహస్యం చెప్పాలి. ఉక్కు తూనీగ అచ్చువేసే కంపెనీకి ఒక అలవాటుంది. అమ్మకాలు తగ్గినప్పుడల్లా పాత కథంతా తుడిచేసి, మళ్ళీ ఒకటో నంబరుతో మొదలుపెడతారు. అలా ఇప్పటికి మూడు ఒకటో నంబర్లు వచ్చాయి. అదే పేరు, అదే అంకె, కవరు మీద అదే ఫ్యాక్టరీ పొగగొట్టం మీద అదే తూనీగ. లోపల కథ మాత్రం దేనికదే. సంఘంలో ముగ్గురూ చిన్నప్పుడు ఎవరికి ఏ ఒకటో నంబరు దొరికిందో, వాళ్ళకి అదే అసలైనది. మిగతా రెండూ మోసం.

ముందుగా లిఫ్టు మెకానిక్కు వచ్చాడు. నడుముకి టార్చి, జేబులో స్క్రూడ్రైవరు. కిటికీ పక్కన కొత్త పాఠకురాలు! ఆనందంతో అతనికి ఊపిరాడలేదు. ఆవిడ చేతిలో పాత ఒకటో నంబరు చూశాక అసలు ఆడనే లేదు. ఆ పాత సరుకు చదివిన మనిషి మళ్ళీ ఈ మెట్లెక్కదు, గది పోయినట్టే.

"ఒక్క నిమిషం ఇలా ఇస్తారా అమ్మా? సరిచేసిస్తాను" అన్నాడు. బీరువా తలుపు చాటుకి వెళ్ళి, దాన్ని లోపల పెట్టేసి, రెండో ఒకటో నంబరు తీశాడు. "ఇప్పుడు మళ్ళీ మొదటి పేజీ నుంచి చదవండి. తేడా మీకే తెలుస్తుంది." అలా చెప్పి, ఆవిడకి టీ తేవడానికి ఈల వేసుకుంటూ మెట్లు దిగాడు.

తేడా ఆవిడకి తెలిసింది. ఇందాక మూడో పేజీలో తూనీగ తండ్రి ఫ్యాక్టరీ మంటల్లో పోయాడు. పెద్ద అక్షరాల్లో పోయాడు. ఇప్పుడు అదే మూడో పేజీలో అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఇందాక వెండిలా మెరిసిన రెక్కలు ఇప్పుడు నల్లగా ఉన్నాయి. ఆవిడ కళ్ళజోడు తీసి, చీరచెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. తండ్రి పేపరు తిప్పాడు.

అప్పుడే మందులషాపావిడ దుకాణం నుంచి తెల్లకోటుతోనే పరుగున వచ్చింది. ఆ కోటు చూసి ఈవిడే కళ్ళ డాక్టరు కాబోలనుకున్నారు అత్తగారు.

"చదువుతుంటే ఎలా ఉందమ్మా?"

"మొదట్లో బాగానే ఉంది. ఇప్పుడే కాస్త... తండ్రి బతికినట్టు కనిపిస్తున్నాడు."

మందులషాపావిడ పళ్ళు నూరింది. ఇది లిఫ్టు మెకానిక్కు పనేనని ఆవిడకి అర్థమైంది. "భయపడకండి. చాలామందికి ఇక్కడే దెబ్బ తగులుతుంది. ఇలా ఇవ్వండి" అని బీరువా చాటుకి వెళ్ళి మూడో ఒకటో నంబరుతో వచ్చింది. "మళ్ళీ మొదటి నుంచి చదవండి, అంతా తేటతెల్లం అవుతుంది." ఇంతలో దుకాణం నుంచి ఫోను వచ్చింది. మాట్లాడుతూ వరండాలోకి వెళ్ళింది.

అత్తగారు మొదటి నుంచి చదివారు. ఈసారి తండ్రి కాదు, సాక్షాత్తూ తూనీగే పోయాడు. మొదటి పేజీలోనే పాడె కట్టారు. రెక్కలు వాడి కూతురు తగిలించుకుంది. పది నిమిషాల కిందట వాడికి పెళ్ళే కాలేదు.

ఆవిడ పుస్తకం మూసి కవరు చూశారు. ఒకటో నంబరు. అదే పొగగొట్టం. ఆవిడ దీన్ని లెక్కలాగే చేశారు. పుస్తకం మారలేదు. తన బుర్ర తప్పు చేయదు, ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ చేయలేదు. ఇక మిగిలింది కళ్ళజోడు.

పుస్తకం చంకన పెట్టుకుని కింద చదువుల గదిలోకి దిగారు. ఆదివారం కాబట్టి గది నిండుగా ఉంది. ఆ వీధిలో కళ్ళజోళ్ళ దుకాణం ఒక్కటే కాబట్టి, అక్కడున్న ముక్కుల మీది జోళ్ళలో సగానికి పైగా అల్లుడి చేతి పనే. అల్లుడేడని ఆవిడ మెల్లగానే అడిగారు. కానీ అది వెనక బెంచీ దాకా వినిపించడానికి అలవాటుపడ్డ గొంతు.

"మా అల్లుడు కనిపించాడా బాబూ? ఈ కళ్ళజోడుతో చూస్తే చచ్చినవాడు లేచి పేపరు చదువుతున్నాడు!"

గదిలో పేజీలు తిరగడం ఆగిపోయింది.

"నాకూ నిన్నటి నుంచి తల తిరుగుతోంది" అన్నాడు మూలనున్న దర్జీ.

"ధరలు తగ్గుతాయని నిన్న ఇదే పేపర్లో చదివాను. ఇవాళ పెరిగాయని ఉంది" అన్నాడు ఒక బస్సు కండక్టరు. కళ్ళజోడు తీసి దాన్ని అనుమానంగా చూశాడు. "నేను పేపరుని తిడుతున్నాను, పాపం."

"నేను అద్దె ఇల్లు చూడటానికి ఈ జోడుతోనే వెళ్ళాను" అందొక నర్సు. "గోడలు ఎంత తెల్లగా కనిపించాయనీ!"

కళ్ళజోళ్ళాయన ముద్రపడిన కాగితం ఊపుకుంటూ వచ్చేసరికి, గుంపంతా కళ్ళజోళ్ళు చేత పట్టుకుని ఎదురు నిలబడి ఉంది. అది చూసి ఆయనకి ఏదో సన్మానమేమో అనిపించింది. ఆ భ్రమ ఎక్కువసేపు నిలవలేదు.

"మా జోళ్ళు వెనక్కి తీసుకో!"

"దుకాణం తలుపులు తియ్యి ముందు!"

అత్తగారు జరిగిందంతా వరసగా చెప్పారు. ఆయనకి సగంలోనే విషయం అర్థమైంది. తప్పు కళ్ళజోడుదంటే రేపటి నుంచి దుకాణంలో ఈగలు తోలుకోవాలి. కాదంటే తప్పు తూనీగదని ఒప్పుకోవాలి. టీ గ్లాసుతో మెకానిక్కూ, ఫోనుతో మందులషాపావిడా అప్పుడే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. వాళ్ళ ముందు ఎన్నో ఏళ్ళుగా ఆయన ఒక్కటే మాట మీద ఉన్నాడు: తూనీగ కథలో తప్పు లేదు, చదివేవాళ్ళకి ఓపిక లేదు.

"చెప్పు బాబూ" అన్నారు అత్తగారు. ఆవిడ గొంతు ఈసారి నిజంగానే చిన్నదైంది. "కళ్ళజోడు తప్పా, నా కళ్ళు తప్పా?"

ఆయన చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రెండూ కావండీ. కథే తప్పు."

"ద్రోహీ!" అన్నారు గుమ్మంలో ఇద్దరూ. వాళ్ళు ఒక్క మాట మీదికి రావడం అదే మొదటిసారి.

"నిరూపించు" అన్నారు అత్తగారు.

అందరూ మేడెక్కారు. ఆయన మూడు ఒకటో నంబర్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. అత్తగారు వాటిని కాపీ కొట్టిన మూడు పరీక్ష పేపర్లని చూసినట్టు చూశారు. తండ్రి చచ్చాడు. బతికాడు. కొడుకు చచ్చాడు.

"వీటిలో ఏది నిజం?"

"మొదటిది!" "రెండోది!" "మూడోది!"

"సరే, నాకు తెలిసింది. మా బళ్ళో ఒకడుండేవాడు. సెలవు కావాల్సినప్పుడల్లా తాతని చంపేవాడు. ఒకే తాత, ప్రతి ఏడాదీ" అని ఆవిడ కుర్చీ లాక్కున్నారు. "చివరికి ఆ తాతే వచ్చి వాణ్ణి బళ్ళోంచి ఇంటికి తీసుకెళ్ళాడు. ఈ తండ్రి కూడా వస్తాడు చూడండి. తరవాతిది ఏదీ?"

అయినా గుంపుకి నమ్మకం కుదరలేదు. ఎవరి కళ్ళజోడు వాళ్ళే పరీక్షించుకుంటామన్నారు. బీరువా తెరుచుకుంది, పెట్టెలు తెరుచుకున్నాయి. చేతికందిన పుస్తకం లాక్కుని తలో మూలా కూర్చున్నారు.

"నా దాంట్లో వాడికి మీసం ఉందే!" అన్నాడు దర్జీ.

"నా దాంట్లో వాడి మీద కేసు నడుస్తోంది. మీసం తీసేశాక అనుకుంటా" అన్నాడు కండక్టరు.

"కేసా? ఎవరు పెట్టారు?"

"నాన్నే."

"చూశారా! వచ్చాడు!" అన్నారు అత్తగారు.

ఆ తరవాత కళ్ళజోళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. నర్సు కాస్త వెనకబడింది. పుస్తకాల గుట్ట ముందు నిలబడి బిక్కుబిక్కుమంటూ అడిగింది: "అసలు దీన్ని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలండీ?"

సంఘం సభ్యులు ముగ్గురూ నోళ్ళు తెరిచారు. అత్తగారు చెయ్యెత్తగానే ముగ్గురూ మూసేశారు. అది ఆవిడ చేతి మహిమ.

"ఏడాది మధ్యలో బళ్ళో చేరిన పిల్ల ఏం చేస్తుంది? ఖాళీ ఉన్నచోట కూర్చుంటుంది. తెలియనిది పక్కపిల్లని అడుగుతుంది. కూర్చోమ్మా."

నర్సు కండక్టరు పక్కన కూర్చుంది. కేసు ఎంతవరకు వచ్చిందని అడిగింది.

పదకొండు కావస్తుండగా లైబ్రేరియన్ పైకొచ్చి, సభ్యులు కానివాళ్ళు ఈ గదిలో కూర్చోకూడదని గుర్తుచేశాడు. లేచి వెళ్ళమని దానర్థం. కానీ ఎవరూ లేవలేదు, సంతకాలే పెట్టేశారు. కాగితం చాలక వెనక పక్క కూడా నిండింది. కళ్ళజోళ్ళాయన దాన్ని గుండెకి ఆనించుకున్నాడు. గది నిలిచింది, దుకాణం నిలిచింది, పెట్టెలు నిలిచాయి.

లైబ్రేరియన్ తలలు లెక్కపెట్టుకుని, గదిని నాలుగు వైపులా కొలిచినట్టు చూశాడు.

"శుభం. ఇంతమందికీ కుర్చీలు వేయాలంటే ఆ బీరువా తీసేయాల్సిందే. పెట్టెలు ఇవాళే ఇంటికి తీసుకెళ్ళండి సార్."

సాయంత్రం మెకానిక్కు తెచ్చిన బండి ఇంటి ముందు ఆగింది. భార్య గుమ్మానికి అడ్డంగా చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె చూపు పెట్టెల మీంచి మొగుడి మీదికి, మొగుడి మీంచి వీధి చివర పాతకాగితాలవాడి కొట్టు వైపుకి నడిచింది. కళ్ళజోళ్ళాయన ఒక పెట్టె ఎత్తి దాని వెనక మొహం దాచుకున్నాడు. బండి ముందు సీట్లోంచి అత్తగారు దిగారు. చంకలో పుస్తకం, వేలు పేజీ మధ్యలో.

"అడ్డులేవే. ఇవన్నీ నా గదిలో పెట్టించు. పైనుంచి కిందికి వరసగా."

"నీ గదేంటమ్మా? ఎల్లుండి నీ ప్రయాణం కదా?"

"వాడి నాన్న సంగతి తేలకుండా ఎలా వెళ్ళమంటావు?" అంటూ ఆవిడ లోపలికి నడిచారు.

పెట్టెలు ఒకటొకటే గుమ్మం దాటాయి. ఆఖరిది లోపలికి వెళ్ళేదాకా భార్య లెక్కపెడుతూ నిలబడింది. ఆ తరవాత మొగుడి వైపు తిరిగి, ఒక్కో మాటా ఒత్తి పలికింది.

"అమ్మకి కళ్ళజోడు చెయ్యమని మిమ్మల్ని ఎవరడిగారండీ?"

కళ్ళజోడు మాత్రం దివ్యంగా కుదిరింది.