దీవిలో టైలరుగారి తీరిక

పొద్దున్నే కాఫీ తాగి, భార్యతో కలిసి సముద్రంలో మోకాళ్లదాకా దిగాలి. టైలరు వేసుకున్న పథకం అంతే. పెళ్లయిన పాతికేళ్లలో ఆవిడ నోరు తెరిచి అడిగిందీ అదొక్కటే. నిన్న దీవికి చేరేసరికి ఒకటే వాన. ఇవాళ నాలుగింటికి తిరుగు లాంచీ. మళ్లీ ఇంత తీరిక ఎప్పుడు చిక్కుతుందో తెలియదు.

హోటలు చవకదే అయినా గదికి ఎదురుగా సముద్రం. కిటికీ కర్టెనుకు మాత్రం అంచు కుట్టు ఊడి వేలాడుతోంది. ఆయన ప్రాణం ఒప్పలేదు. "రెండు నిమిషాలు" అంటూ సంచిలోంచి సూదీ దారం తీసి, కర్టెను ఒళ్లో వేసుకుని వరండాలో కూర్చున్నాడు.

పక్క గది ఆవిడ చూసింది. "ఇంత తక్కువ అద్దెకి టైలర్ని కూడా పెట్టారే" అని మురిసిపోయి, గుండీలూడిన చొక్కా తెచ్చిచ్చింది. కాదని చెప్పేలోపే నలుగురి చెవినా వేసింది. చొక్కాలొచ్చాయి, గౌన్లొచ్చాయి, జిప్పు పాడైన సంచీ ఒకటి వచ్చింది. ముప్ఫై ఏళ్లుగా ఎవరేం తెచ్చినా "రేపు రండి" అని పంపేయడమే ఆయనకు తెలుసు. ఇక్కడ రేపెక్కడిది? అందరూ సాయంత్రం లాంచీకే పోతారు. మొహమాటంతో అన్నీ పుచ్చుకున్నాడు. అంతలో మేనేజరు పరుగున వచ్చాడు. తిడతాడేమోననుకుంటే, దిండు గలీబుల కట్ట ఒళ్లో పెట్టి దణ్ణం పెట్టాడు.

మూడున్నరయింది. చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో ఒక్కతే నిలబడ్డ భార్యను చూసి ఆయన కుట్టు వేగం పెంచాడు. ఆవిడే వరండాలోకి వచ్చింది.

"ఈ ఒక్క ప్యాంటూ అయితే వచ్చేస్తా."

"ఇంకేం వస్తారు, లాంచీ టైమైంది. ఎవరిదా ప్యాంటు?"

"లాంచీ నడిపే సరంగుది. వెనక చిరిగిందట. మేనేజరు గదిలో తువ్వాలు కట్టుకుని కూర్చున్నాడు."

"ఇంకో ప్యాంటు లేదా ఆయనకి?"

"లేదట."

ఆవిడ ప్యాంటు లాక్కుని, నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుంది. "అయితే పదండి. లాంచీ ఎలా కదులుతుందో నేనూ చూస్తా."

మోకాళ్లకు అల తగిలింది. నిన్ను చేసుకోవడం నా అదృష్టమని ఆయన ఉన్నట్టుండి పైకే అనేశాడు.

"ఈ మాట ముందే అంటే నోరు అరిగిపోయేదా?" అంది ఆవిడ, ఆయన చెయ్యి వదలకుండానే.

తిరిగొచ్చి కూర్చుంటే ప్యాంటు పది నిమిషాల్లో అయిపోయింది. లాంచీ గంట ఆలస్యంగా బయలుదేరింది. ఎందుకని అడిగినవాళ్లందరికీ సరంగు, సముద్రం పోటు మీద ఉందని గంభీరంగా చెప్పాడు.